అరవై ఒక్క రోజుల ఎర్రగీత

సంగారెడ్డి,
జూన్ 8, ఆదివారం

ప్రియమైన సునందకు,

కవరు మీద నా చేతిరాత చూసి ఎవరింట్లో పెళ్లో అనుకుని ఉంటావు. పెళ్లీ లేదు, పేరంటమూ లేదు. మన పానా గురించే రాస్తున్నాను. ఫోనులో చెబితే సగంలోనే "సర్లేవే, వదిలెయ్" అంటావు. పానాలో సందేశం పెడితే మిగతా ముగ్గురు నిర్వాహకులకూ కనబడుతుంది. ఏది ఎవరికి కనబడాలి, ఎవరికి కనబడకూడదు అన్నదే ఇప్పుడు గొడవ కాబట్టి పోస్టాఫీసును నమ్ముకున్నాను.

నేను వరసగా రాసుకుంటే తప్ప ఆలోచన కుదరని మనిషినని నీకు తెలుసు. కనుక నీకు తెలిసినవి కూడా రాస్తాను, విసుక్కోకు. ఆరేళ్ల కిందట బొల్లారం ల్యాబులో మనం పక్కపక్క బల్లల దగ్గర పనిచేసేటప్పుడు, ఫ్యాక్టరీ పనివాళ్లు తమ సందేహాలు తెలుగులో అడగడానికీ, తెలిసినవాళ్లు చెప్పడానికీ ఇంటర్నెట్‌లో ఒక చోటు ఉండాలని నువ్వు పానా మొదలుపెట్టావు. ఇప్పుడందులో పదకొండు వేల మంది ఉన్నారు. నువ్వు పరవాడ వెళ్లిపోయాక రోజువారీ కాపలా నాది, 'కొలత' అనే మారుపేరుతో. జవాబు నచ్చినవాళ్లు 'సై' కొడతారు. ఒక్కో సైకి పది మార్కులు. ఎవరైనా మోసం చేస్తే మార్కుల్లో కోత. కిందటేడు దాకా కోత పడిన సంగతి పడినవాడికీ మనకూ తప్ప ఎవరికీ తెలిసేది కాదు. మీవాళ్ల తప్పులు మీరు దాస్తున్నారని సభ్యులు గోల చేస్తే, కోతను ప్రొఫైలు మీద ఎర్రగీతతో ఊరందరికీ కనబడేలా పెట్టాలని అందరికంటే గట్టిగా వాదించింది నేనే. ఎందుకంత గొంతు చించుకున్నానో ఈ భూమ్మీద నీకొక్కదానికే తెలుసు. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

మే రెండో తారీకున సిస్టమ్ ఒక హెచ్చరిక పంపింది. ఒక సభ్యుడికి పొద్దున ఆరు కొట్టేలోపు నాలుగైదు నిమిషాల్లో పదమూడు సైలు పడుతున్నాయి. రోజూ అదే పదమూడు మంది, ఇంకెవరికీ కొట్టరు. ఇరవై జవాబులకు ఇదే తంతు. సభ్యుడి పేరు యాదగిరి, బాయిలర్ మనిషి. మనవాళ్లంతా 'పటాన్‌చెరు పులి', 'నైట్ షిఫ్ట్ నవాబు' లాంటి పేర్ల చాటున ఉంటారు కదా, ఈయన మాత్రం దరఖాస్తు ఫారం నింపినట్టు తండ్రి పేరు, కొండాపూర్ మండలంలో ఊరి పేరు, కంపెనీ పేరు, పాస్‌పోర్టు ఫోటో అన్నీ పెట్టాడు. ఆ కంపెనీ మాదే. ఫోటో చూడగానే గుర్తుపట్టాను. ఆయన బాయిలర్ నీళ్లను పన్నెండేళ్లుగా నేనే పరీక్షిస్తున్నాను. సీసా ఎవరో తెస్తారు, ఫలితం చీటీ ఎవరో పట్టుకెళ్తారు. మేమిద్దరం ఒక్కసారీ మాట్లాడుకోలేదు.

ఒకసారి అడుగుదామా అనిపించిన మాట నిజం. తెలిసినవాళ్లకొక నియమం, తెలియనివాళ్లకొకటా అని నన్ను నేనే గదమాయించుకున్నాను. పది నిమిషాల్లో పని ముగించాను. "కోత 2600. ఓట్ల మోసం. పరిమితి దాటింది, సరిదిద్దవలెను." అది పెట్టి, ఎంత నిష్పక్షపాతంగా ఉన్నానో అని మురిసిపోతూ టీ తాగడానికి వెళ్లాను. ఆ టీ రుచి కూడా గుర్తుంది నాకు, బాగుంది.

మొన్న గురువారం తెల్లవారుజామున నమూనాలు తీయాల్సి వచ్చి, ఎప్పుడూ ఎక్కని ఏ-షిఫ్టు బస్సు ఎక్కాను. పోతిరెడ్డిపల్లి చౌరస్తాలో ఐదింటికి. ముందు సీట్లో ప్యాకింగ్ సెక్షన్ వెంకటలక్ష్మి పక్కన కూర్చున్నాను. రుద్రారం దాటాక వెనక నుంచి దశరథ్ అనే కుర్ర ఆపరేటర్ ఫోను తీసి పెద్దగా చదవడం మొదలుపెట్టాడు. వింటే మన పానా. బాయిలర్‌లో నీటి మట్టం చూపే గేజ్ గ్లాసులో నీళ్లు కనబడకపోతే పంపు వెయ్యాలా అని ఎవరో అడిగిన ప్రశ్న. దాని కింద యాదగిరి గారి పాత జవాబు చదివాడు. "నీళ్లు కనబడలేదని భయపడి పంపు వెయ్యకు. ముందు మంట ఆపు. తర్వాత గ్లాసు కడిగి చూడు." ఎవరో మెచ్చుకుని సై కొట్టబోయినట్టున్నారు, దశరథ్ ఆపేశాడు.

"కొట్టకురా. అన్నకు ఇంకో ఎర్రగీత వడ్తది."

నేను వెనక్కి తిరగలేదు. తిరిగి ఉంటే చివరి సీట్లో యాదగిరి గారు కనబడేవారట. ఆ సంగతి వెంకటలక్ష్మి చెప్పింది, మిగతాదంతా కూడా ఆమే చెప్పింది. రెండేళ్లుగా ఈ బస్సులో ఇదే పొద్దుటి పని. దశరథ్ చదువుతాడు, యాదగిరి గారు లేచి నిలబడి కడ్డీ పట్టుకుని వివరం చెబుతారు, అర్థం కానివాళ్లు అడుగుతారు. బొల్లారం దగ్గరికొచ్చేసరికి అందరూ ఫోన్లు తీసి సై కొడతారు. గేటు దగ్గర ఫోన్లు పెట్టెలో వేసి టోకెన్ తీసుకోవాలి కదా, నిప్పంటుకునే ద్రావకాలున్న చోటికి ఫోను రానివ్వరు. అందుకని గేటు రాకముందే కొట్టేస్తారు. సునందా, నేను కూడా రోజూ ఆ పెట్టెలోనే ఫోను వేస్తాను. ఆరు గంటల లోపు, ఐదు నిమిషాల్లో, పదమూడు సైలు అని కాగితం మీద చూసినప్పుడు నాకు ఆ పెట్టె గుర్తుకు రాలేదు. మోసమే గుర్తుకొచ్చింది.

యాదగిరి గారికి ఆగస్టు చివరకు యాభై ఎనిమిది నిండుతాయి. ఆ తర్వాత రెండేళ్లు కొత్తవాళ్లకు బాయిలర్ పని నేర్పడానికి ఉంచుకుంటామని కంపెనీ మాట ఇచ్చింది. పర్సనెల్ డిపార్ట్‌మెంట్ చంద్రకాంత్ గారు ఆయన ప్రొఫైలు చూసి, 'మోసం' అన్న మాట దగ్గర ఆగి, ఫైలు పక్కన పెట్టేశారట. కోత మీద అభ్యంతరం చెప్పుకోవడానికి మనం ఈమెయిలు పంపాం. ఆయన ఈమెయిలు ఖాతా సంగారెడ్డి బస్టాండు దగ్గర నెట్ సెంటర్ వాడు తెరిచిపెట్టినది. దాని పాస్‌వర్డు ఆ సెంటరుతో పాటే మూతబడింది.

గీత గీసిన చేయి నాదేనని బస్సులో ఎవరికీ తెలియదు. ఏం చేద్దామో చెప్పు. "వదిలెయ్" అని మాత్రం అనకు.

నీ
కృష్ణప్రియ


సంగారెడ్డి,
జూన్ 22

సునందా,

నీ ఫోను వచ్చాక రెండు రోజులు నీ మీద కోపంగా ఉంది, తర్వాత నా మీద. నువ్వు చెప్పినది తేలికైన మార్గమే. ఆయన మార్కులు తిరిగి ఇచ్చేద్దాం, ఎర్రగీతలన్నీ మళ్లీ దాచేద్దాం, పాత పద్ధతికి వెళ్లిపోదాం, ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు అన్నావు. నియమం మార్చడానికి నేనూ ఒప్పుకుంటున్నాను. కోత అనేది పడినవాడికీ వేసినవాడికీ మధ్య ఉండాల్సిన సంగతి. మారుపేరు పెట్టుకున్నవాడికి ఎర్రగీత పడితే ఆ పేరు పారేసి ఇంకోటి పెట్టుకుంటాడు. తండ్రి పేరుతో సహా రాసుకున్నవాడు ఎక్కడికి పోతాడు? మనం వేసిన శిక్ష నిజం చెప్పినవాళ్లకే తగులుతోంది. ఇది ముందే తట్టాల్సింది, తట్టలేదు.

కానీ "ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు" అన్నావు చూడు, అక్కడే నాకు ముద్ద దిగడం లేదు.

మనం ఎప్పుడూ మాట్లాడుకోని సంగతి ఒక్కసారి రాసేస్తాను. నాలుగేళ్ల కిందట, ఆగస్టులో, పానా ఇంకా పసిదిగా ఉన్నప్పుడు, నా జవాబులకు ఒకటీ రెండూ తప్ప సైలు వచ్చేవి కావు. ఇన్‌స్ట్రుమెంట్ సెక్షన్ వాళ్లు రాసినదానికల్లా నలభై. ఎమ్మెస్సీ చదివి, ఎనిమిదేళ్లు పరీక్షలు చేసి, నేను రాసినదానికి విలువ లేదా అని ఉక్రోషం వచ్చింది. అమ్మ సీరియల్ చూస్తుంటే ఆమె ఫోను తీసుకుని వేరే పేరుతో ఖాతా తెరిచి నా తొమ్మిది జవాబులకు నేనే సై కొట్టుకున్నాను. రెండో రోజుకల్లా నువ్వు పట్టేశావు. క్యాంటీన్‌లో నా ఎదురుగా కూర్చుని, "తొంభై తీసేశాను. ఎవరికీ తెలియదు. ఇంకెప్పుడూ వద్దు" అని, నా పళ్లెంలో నీ గోంగూర పచ్చడి వేశావు. అంతే. తర్వాత నీ నోట ఆ మాట రాలేదు, నీ కళ్లలో కూడా రాలేదు. నేను మళ్లీ అలాంటి పని చేయలేదు. భయపడి కాదు, నువ్వు నన్ను అల్లరి చేయలేదు కాబట్టి.

అలాంటి మర్యాద పొందినదాన్ని, ఆ మర్యాద ఇంకెవరికీ దక్కకుండా నియమం చేయించాను. సభ్యులు "మీవాళ్ల తప్పులు దాస్తున్నారు" అన్నప్పుడు, ఆ 'మీవాళ్లు' నేనే కదా. ఎవరైనా తవ్వుతారేమోనని భయపడి, నిజాయితీ గురించి నేనే అందరికంటే గట్టిగా అరిచాను. నిజంగా ఓట్ల మోసం చేసినదాని ప్రొఫైలు మల్లెపువ్వులా ఉంది. చేయనాయన పేరు పక్కన ఎర్రగీత ఉంది.

గురువారం బాయిలర్ హౌసుకు నేనే వెళ్లాను, నీళ్ల సీసా పట్టుకుని. అందరూ వింతగా చూశారు. ల్యాబు మేడం సీసా కోసం రావడమేమిటని. యాదగిరి గారు చెయ్యి తుడుచుకుని స్టూలు జరిపారు. మనిషి సన్నగా, పొట్టిగా ఉంటారు, మాట మాత్రం బాయిలర్ చప్పుడును దాటి వినబడుతుంది. గోడకు మేకు కొట్టి, దానికి నా చీటీలు గుచ్చి ఉన్నాయి, పన్నెండేళ్లవి కాకపోయినా రెండు మూడేళ్లవి ఉంటాయి. ల్యాబులో మిగతావాళ్లు ఇంగ్లీషు ఫారంలో అంకెలు రాసి పంపేస్తారు. బాయిలర్ వాళ్లకు అర్థం కావాలని కింద తెలుగులో ఒక ముక్క రాసేది నేనొక్కదాన్నే.

సీసా నింపుతూ ఉంటే, బస్సులో విన్నాను, ఏమిటండీ ఆ ఎర్రగీత సంగతి అని అడిగాను. నాకేమీ తెలియనట్టు. ఆయన ఒక నిమిషం నా ముఖం చూశారు. తర్వాత నెమ్మదిగా అంతా చెప్పారు. బస్సు, చదవడం, గేటు, పెట్టె. ఎవరినీ సై కొట్టమని తాను అడగలేదని, వద్దనడానికి అదొక తప్పని తనకు తెలియదని చెప్పారు. కోపంగా చెప్పలేదు, లెడ్జరులో నీటి మట్టం రాసినట్టు చెప్పారు. చివర్లో మాత్రం ఒక మాట అన్నారు.

"నన్నొక్క మాట అడిగితే చెప్పకపోదునా మేడం? నేను గీడనే ఉంట గదా."

సీసా తీసుకుని ల్యాబుకు వచ్చేశాను. రెండు వందల అడుగుల దూరం సునందా, ల్యాబుకూ బాయిలర్ హౌసుకూ. రేపు మళ్లీ వెళ్తాను, ఈసారి చెప్పేస్తాను. చెప్పకపోతే నీకు ఇంకో ఉత్తరం రాసే అర్హత లేదు నాకు.

కృష్ణప్రియ


జూలై 1

లాబ్ మేడం కృష్ణప్రియ గారికి,

బాయిలర్ యాదగిరి నమస్కరించి రాయునది. నాకు ఉత్తరం రాసే అలవాటు లేదు. పదో తరగతి కాడ బడి ఆపిన. రాతల తప్పులుంటే మన్నించాలె. సీసాకు రబ్బరు పెట్టి ఈ కాయితం పంపుతున్న, సీసా తెచ్చే పిల్లగాడు విప్పి సదవడు, మంచోడు.

మొన్న మీరు మల్లొచ్చి, ఆ ఎర్రగీత గీసింది నేనే అని చెప్పిండ్రు. తప్పయింది, మార్కులు మల్ల ఇస్తం, గీతను సప్పుడు జెయ్యకుండ తీసేస్తం అన్నరు. జవాబు సోంచాయించి చెప్తనన్న. ఇప్పుడు చెప్తున్న.

మొదటి మాట. గీత మీదే అని నాకు మే నెల నుంచే ఎరికె. దశరథ్ ఫోన్ల సూపిచ్చిండు. 'పరిమితి దాటింది, సరిదిద్దవలెను' అని ఉన్నది. గీ ముక్క నేను పన్నెండేండ్ల సంది మీ చీటీల సదువుతున్న. నీళ్లల్ల ఉప్పు ఎక్కువైనప్పుడల్లా మీరు గిట్లనే రాస్తరు. ఇంకెవ్వలు రాస్తరు గట్ల? నాకు సూడంగనే తెలిసింది, పర్వాలే, మన లాబ్ మేడమే గద అనుకున్న, తర్వాత కోపం గూడ వచ్చింది. అబద్ధమెందుకు.

బస్సుల మాత్రం చెప్పలే. దశరథ్ ఉడుకు రక్తం, మిగిలిన పోరగాండ్లు గూడ గంతే. చెప్తే లాబ్ కాడికొచ్చి లొల్లి జేస్తరు. ఒక పేరు బస్సుల నలిగితే ఎట్లుంటదో నాకు ఇప్పుడు మంచిగ ఎరికె. నా పేరు నలిగింది సాలు, ఇంకొకలది ఎందుకని ఊకున్న. మీరు ఎన్నడన్న వచ్చి అడుగుతరేమోనని సూసిన. సీసా పట్టుకొని వచ్చిననాడు ఇగ చెప్తరు అనుకున్న. మీరు తెల్వనట్టు అడిగిండ్రు. ఆ దినం మాత్రం జెర బాధైంది. మల్ల వచ్చి చెప్పిండ్రు, అది అయిపోయింది.

రెండో మాట. గీతను సప్పుడు జెయ్యకుండ తియ్యొద్దు. సూసెటోళ్లు సూసిండ్రు. చంద్రకాంత్ సారు సూసిండు. మా బామ్మర్ది కొడుకు సూసి ఊర్ల చెప్పిండు. నా భార్య రాజవ్వ, ముప్పై నాలుగేండ్లల్ల నన్ను ఒక్క మాట అననిది, ఏం దొంగతనం జేసినవయ్యా అని అడిగింది. ఇప్పుడు గీత మాయమైతే ఆళ్లేమనుకుంటరు? యాదగిరి ఎవలి కాళ్లో పట్టుకున్నడు, తీపిచ్చుకున్నడు అంటరు. అప్పుడు నేను జవాబు చెప్పనీకె గూడ జాగ ఉండది. అందుకే గీతను ఉండనియ్యిండ్రి. దాని కింద జరిగింది జరిగినట్టు రాయిండ్రి. బస్సు సంగతి, గేటు కాడ పెట్టె సంగతి రాయిండ్రి. మీ పేరు రాయకుండ్రి, నాకు అక్కెర లేదు.

మిగిలినోళ్లయి మాత్రం తీసేయిండ్రి. దశరథ్ సూపిచ్చిండు, మస్తు మందికి ఉన్నయి గీతలు. పుస్తకంలది సూసి రాసిండని ఒకడు, తిట్టిండని ఒకడు. తప్పు జేసినోనికి చెవుల చెప్పాలె. అందరి ముంగట చెప్తే వాడు తప్పును మర్షిపోయి సిగ్గునే యాది పెట్టుకుంటడు. నేను నలుగురు పోరగాండ్లకు పని నేర్పిన, నాకు ఎరికె.

ఇంకొక్కటి. గ్లాసుల నీళ్లు కనవడకపోతే గ్లాసు కడిగి సూడుమని నేను పిల్లలకు చెప్తా. గ్లాసు అబద్ధం చెప్పది గనీ, మురికి పడ్తే నిజం గూడ చెప్పది. మీరు కడగలే. గంతే మీ తప్పు, దానికి ఎక్కువ పరేషాన్ గావొద్దు.

నిన్నటి సంది నీళ్లల్ల గట్టిదనం పెరిగినట్టున్నది. జల్దీ పరీక్ష జేసి చీటీ పంపుండ్రి, తెలుగుల రాయిండ్రి.

ఇట్లు
గొ. యాదగిరి, బాయిలర్, ఏ షిఫ్ట్


సంగారెడ్డి,
జూలై 20

నా సునందకు,

యాదగిరి గారి ఉత్తరం నకలు నీకు పంపాను కదా, దాన్ని నేను ఇప్పటికి ఎన్నిసార్లు చదివానో లెక్క చెప్పను. ల్యాబులో ఆవిర్లు లాగేసే ఫ్యూమ్ హుడ్ వెనక నిలబడి మొదటిసారి చదివినప్పుడు ఏడ్చాను. ద్రావకం కళ్లకు తగిలిందని అందరికీ చెప్పాను. నేను ఆయన పేరును పదకొండు వేల మంది ముందు పెట్టాను. ఆయన నా పేరును పదమూడు మంది ముందు కూడా పెట్టలేదు, రెండు నెలలు తెలిసి కూడా. ఒక్క మాట అంటే చాలు, ఆ బస్సు మొత్తం ఆయన వైపు అయ్యేది. ఉద్యోగం పోయే పరిస్థితిలో కూడా ఆ మాట అనలేదు.

నీళ్ల పరీక్ష చేసి చీటీ పంపాను. నిజంగానే గట్టిదనం పెరిగింది. "పరిమితి దాటింది" దాకా రాసి చెయ్యి ఆగిపోయింది. తర్వాత "సరిదిద్దగలరు" అని రాశాను. పన్నెండేళ్లలో మొదటి మార్పు.

జరిగినవి వరసగా చెబుతాను. జూలై రెండున ఐదుగురు నిర్వాహకులం కూర్చుని నియమం మార్చాం. ఇక మీద కోత వేసేముందు మనిషిని అడగాలి, ఈమెయిలులో కాదు, ఏ దారిలో దొరికితే ఆ దారిలో. కోత పడితే అది ఆ మనిషికీ నిర్వాహకులకూ తప్ప కనబడదు. కావాలనుకున్నవాళ్లు తమ కోతను తామే బయటపెట్టి, కింద తమ మాట రాసుకోవచ్చు. పాతవి నూట పదిహేడు గీతలు ఆ రోజే కనబడకుండా పోయాయి. యాదగిరి గారిది ఒక్కటి ఉంది. దాని కింద ఆయన చెప్పినట్టే బస్సు, గేటు, పెట్టె సంగతి రాసి, ఇది నిర్వాహకుల పొరపాటు, మార్కులు తిరిగి ఇచ్చాం అని పెట్టాం. మే రెండు నుంచి జూలై రెండు దాకా, అరవై ఒక్క రోజులు ఆయన జవాబు లేని గీతను మోశారు.

ఆ అరవై ఒకటి నన్ను వదల్లేదు. అందుకే నీకు ఫోను చేసి అడిగాను. నా పాత కోతను బయటపెడితే దాన్ని దాచిన నువ్వూ బయటపడతావు కదా, నీ అనుమతి లేకుండా ఎలా పెడతాను. నువ్వు వెంటనే "పిచ్చా నీకు, నా పేరు కూడా వస్తుంది కదే" అన్నావు. తర్వాత రెండు రోజులు ఫోను ఎత్తలేదు. మూడో రోజు "రాయి. దాచింది నేనేనని, అందుకు నేను చింతించడం లేదని కూడా రాయి" అని పంపావు. నువ్వు నువ్వేనే సునందా.

జూలై ఆరున రాశాను. కొలత అనే పేరుతో ఉన్నది కృష్ణప్రియ అని, నా ఫోటోతో సహా. నా జవాబులకు నేనే దొంగ ఖాతాతో తొమ్మిది సైలు కొట్టుకున్నానని, కోత తొంభై అని, ఓట్ల మోసం అని. అది అరవై ఒక్క రోజులు ఉంటుంది, సెప్టెంబరు ఐదున తీసేస్తాను. శాశ్వతంగా పెట్టుకోను, అంత గొప్పతనం లేదు నాకు. నిర్వాహకత్వం వదిలేశాను. ఎవరి ఫోనుతో చేశానో రాయలేదు. అమ్మకు మాత్రం చెప్పాను. "నా ఫోనుతోనా? నేను సీరియల్ చూస్తుంటేనా?" అని ఒక పూట ముఖం చిట్లించుకుని, తర్వాత నాన్నతో, మన పిల్లకు తొమ్మిదే వచ్చాయట, అది కూడా తనే కొట్టుకుంటే, అని చెప్పి నవ్వుతోంది. నాన్న మాత్రం నవ్వలేదు. రిటైరయ్యే దాకా హాజరు కార్డు గుద్దడంలో ఒక్క నిమిషం తేడా రానివ్వని మనిషి. రెండు రోజులు నాతో మాట్లాడలేదు, మూడో రోజు కాఫీ అడిగారు.

చంద్రకాంత్ గారు పిలిపించారు. రెండు సంగతులు చెప్పారు. యాదగిరి గారి కాగితం మీద సంతకం అయింది, సెప్టెంబరు నుంచి రెండేళ్లు ఆయన నేర్పుతారు. రెండోది నాది. మనది మందుల కంపెనీ, ల్యాబులో అంకెలు రాసే మనిషి పేరు పక్కన మోసం అన్న మాట ఉంటే తనిఖీకి వచ్చినవాళ్లు ఏమనుకుంటారు, మీ పానాలో దాచుకునే వీలు ఇప్పుడుంది కదా, దాచేయండి అన్నారు. సెప్టెంబరు ఐదున దాస్తాను అన్నాను. అయితే సీనియర్ పోస్టు సంగతి వచ్చే ఏడాది చూద్దాం అన్నారు. ఆయన తప్పేమీ లేదు, ఆయన కూడా గ్లాసే చూశారు. బాధగా లేదని నీకు అబద్ధం రాయను. ఆ పోస్టు కోసం మూడేళ్లు చూశాను. ఇంటికొచ్చి తలుపేసుకుని కాసేపు కూర్చున్నాను.

నిన్న మళ్లీ ఏ-షిఫ్టు బస్సు ఎక్కాల్సి వచ్చింది. పని ఉండే ఎక్కాను, లేకపోతే ఎక్కేదాన్ని కాదేమో. వెంకటలక్ష్మి జరిగి చోటిచ్చింది కానీ ఎప్పటిలా కబుర్లు చెప్పలేదు. కంది దాటాం, రుద్రారం దాటాం. వెనక గుసగుసలు. నా వీపు మీద అందరి కళ్లూ తెలుస్తూనే ఉన్నాయి. ఇంతలో దశరథ్ గొంతు సవరించుకుని, రోజూ ప్రశ్నలు చదివేటంత పెద్దగా, నా ప్రొఫైలు చదవడం మొదలుపెట్టాడు. "కొలత. కోత తొంభై. ఓట్ల మోసం..." ఒక్కో ముక్కా నొక్కి నొక్కి. తప్పు లేదు, అందరూ చదవాలనే కదా పెట్టాను. నేనే ముందు మొదలుపెట్టిన ఆట. అయినా సునందా, నా మాటలు ఇంకొకరి గొంతులో, బస్సులో, నా వెనక నుంచి వినబడుతుంటే అక్కడే బస్సు దిగిపోవాలనిపించింది. కాగితం మీద అనుకున్నది వేరు, ఇది వేరు. ఆయనకు ఇది అరవై ఒక్క రోజులు.

చివరి సీట్లోంచి యాదగిరి గారు లేచొచ్చారు. కడ్డీ పట్టుకుని నా సీటు పక్కగా నిలబడి, వెనక్కి చెయ్యి చాచి దశరథ్ చేతిలోంచి ఫోను తీసుకున్నారు. అరవలేదు, గదమాయించలేదు.

"గది ఆమెది దశరథ్. సూడాల్నంటే ఎవని ఫోన్ల వాడు సూస్కుంటడు. బస్సుల సదవద్దు."

నేను కిటికీ వైపు తిరిగాను, ఎందుకో నీకు వేరే చెప్పక్కర్లేదు. యాదగిరి గారు కళ్లద్దాలు పెట్టుకుని, ఫోను దూరంగా పట్టుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ ఆ రోజు ప్రశ్న తనే చదివారు. పంపు దగ్గర నీళ్లు కారుతుంటే నట్టు ఎంతవరకు బిగించాలి అని. మే నెల తర్వాత ఆ బస్సులో ఆయన నోరు విప్పడం అదే మొదటిసారట. పటాన్‌చెరు దాకా అదే చర్చ. ఎవరో సై కొట్టాలా అన్నా అని అడిగితే, ఎవరికి వాళ్లు ఇంటికెళ్లి, అర్థమైతేనే కొట్టుకోమన్నారు. గేటు దగ్గర నేనూ అందరితో పాటు వరసలో నిలబడి ఫోను పెట్టెలో వేసి టోకెన్ తీసుకున్నాను. నా ముందు యాదగిరి గారు.

ఇంకా నలభై ఏడు రోజులుంది. గోంగూర పచ్చడి అయిపోయింది, పంపు.

నీ
కృష్ణప్రియ